నంబరు అడుగు, పడవ ఎవరిదని అడగకు

స్వప్నా,

నిన్న రాత్రి పదిన్నరకు మీ అమ్మ ఫోన్ చేసింది. ఏడుస్తోందో మురిసిపోతోందో నాకు అర్థం కాలేదు. "అన్నా, పిల్ల సముద్రం కాడికి పోతదంట, తాబేళ్ల నౌకరంట, ఒడిశా అంట, శ్రీలంక అంట, చిన్నప్పుడు నువ్వు చెప్పిన ముచ్చట్లే దీన్ని ఇంతదాకా తెచ్చినయ్" అంది. అదే నిజమైతే నాకంటే సంతోషించేవాడు ఉండడు. కానీ ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. మీ అత్త లేచి బీపీ గోళీ వేసుకున్నావా అని అడిగింది, వేసుకున్నాను, అయినా పట్టలేదు. అందుకే పొద్దున్నే కూర్చుని ఇది టైప్ చేస్తున్నాను. పొడుగైతే రెండుసార్లుగా చదువుకో, కానీ మొత్తం చదువు.

ముందు నా భయం చెప్పేస్తాను. పడవ ఎక్కే ముందు లైఫ్ జాకెట్ వేసుకో. వేసుకుని బకిల్ పెట్టుకో, కింద పరుచుకుని కూర్చోకు. పడవవాళ్లు నవ్వుతారు, పుట్టినప్పటి నుంచి ఎప్పుడూ వేసుకోలేదమ్మా అంటారు, అననీ. సోమశిల దగ్గర కృష్ణలో, నీ ఎనిమిదో ఏట, నడుముకు ఖాళీ డబ్బా కట్టి నీకు ఈత నేర్పింది నేనే. ఆ ఈత సముద్రంలో సరిపోదు బిడ్డా. నది మనిషిని కిందికి తీసుకుపోతుంది, ఎక్కడో ఒకచోట ఒడ్డుకు తగిలిస్తుంది. సముద్రం లోపలికి తీసుకుపోతుంది. తాబేళ్ల పని మీద నేను శ్రీకాకుళం తీరానికి వెళ్లిన మొదటి ఏడాది, నాకు ఈత వచ్చు కదా అన్న ధీమాతో మోకాళ్ల లోతులోకి దిగాను, రెండు అలలు వెనక్కి వెళ్లేసరికి కాళ్ల కింద ఇసుక లేదు. ఒడ్డు కనిపిస్తూనే ఉంది, ఎంత ఈదినా దగ్గరికి రావడం లేదు. ఒక పిల్లాడు ఒడ్డు మీద నుంచి చెయ్యి పక్కకు ఊపుతూ అరిచాడు, పక్కకు రా, పక్కకు రా అని. అప్పుడు తెలిసింది. అలాంటి లాగుడులో పడితే ఒడ్డు వైపు ఈదకూడదు, ఒడ్డు వెంబడి పక్కకు ఈదాలి, లాగుడు తగ్గాక బయటికి రావాలి. ఈ ఒక్క ముక్కను ఫోన్‌లో కాదు, ఒంట్లో పెట్టుకో.

ఇంకో భయం సరిహద్దుది. సముద్రంలో గీత కనపడదు, కానీ గీత దాటిన మనిషి జైలుకు పోతాడు. ఉత్తరాంధ్ర నుంచి గుజరాత్‌కు వలసపోయి అక్కడి పడవల మీద పనిచేసే మత్స్యకారులను 2018 నవంబరులో పాకిస్తాన్‌వాళ్లు పట్టుకుంటే, 20 మంది 2020 జనవరికి గానీ వాఘా దాటి ఇంటికి రాలేదు. ఏడాదికి పైగా ఇంట్లోవాళ్లు ఎలా ఉండి ఉంటారో మీ అమ్మను చూస్తే నీకే తెలుస్తుంది. నీ ఉద్యోగం సరిహద్దులు దాటేదే గానీ దాటాల్సింది నీ సమాచారం, నువ్వు కాదు. శ్రీలంక వెళ్లాల్సి వస్తే విమానంలో, పాస్‌పోర్టుతో వెళ్లు. ఎవరు రమ్మన్నా దూరం పోయే పడవ ఎక్కకు.

మిగతావి నీకు తెలిసినవే, ట్రైనింగ్‌లో కూడా చెప్తారు. రాత్రి ఒడ్డు మీద ఒంటరిగా తిరగకు. తెల్ల టార్చి వెయ్యకు, ఎర్ర కాగితం చుట్టుకో. తాబేలు ఒడ్డెక్కుతున్నప్పుడు ఉన్నచోటే ఆగిపో. గుడ్లు మార్చాల్సి వస్తే పెట్టిన కొద్ది గంటల్లోనే మార్చు, ఏ గుడ్డు ఏ వైపు ఉందో ఆ వైపే ఉంచు, ఎందుకంటే ఆ తర్వాత లోపలి పిండం పెంకుకు అంటుకుంటుంది, తిప్పితే చచ్చిపోతుంది. ఇసుక వేడెక్కితే ఆడపిల్లలే ఎక్కువ పుడతాయి కాబట్టి గుడ్లను పొదిగించే హేచరీ మీద నీడ వెయ్యమని వాళ్లే చెప్తారు. వేళకు తిను.

ఇప్పుడు అసలు సంగతి. మీ అమ్మ ఫోన్‌లో ఒక మాట అడిగింది. "మన గట్టు మీద మనం కాపాడుకుంటే సరిపోదా అన్నా, శ్రీలంకోళ్లతోని, ఇంకెవలతోనో మనకేం పని?" మంచి ప్రశ్న. చాలామంది ఆఫీసర్లు కూడా ఇదే అడుగుతారు, నువ్వు జవాబు సిద్ధంగా పెట్టుకో. నేను దానికి మీ తాత సంగతి చెప్పాను. అప్పటికి మీ అమ్మ మూడేళ్లది, యాదికి లేదు. నాకు పన్నెండేళ్లు.

మీ తాత పాలమూరు లేబర్‌లో మహారాష్ట్రకు డ్యాం పనికి వెళ్లాడు. అక్కడ పచ్చకామెర్లు పట్టుకున్నాయి. మేస్త్రీ గుంపును తీసుకుని ఇంకో పనికి వెళ్లిపోయాడు, మీ తాత రేకుల షెడ్డులో ఒక్కడే మిగిలాడు. అయితే మా అవ్వ, అదే మీ అమ్మమ్మ, ఆయన బయల్దేరే ముందే బడి పంతులుతో ఒక కాగితం మీద ఊరు, పేరు, పోస్టు, తాలూకా రాయించి అంగీ జేబు లోపల కుట్టేసింది. షెడ్డు పక్కన చాయ్ అమ్మే మనిషి ఎవరో, మన భాష రానివాడు, ఆ కుట్టు విప్పి చూసి ఒక కార్డు రాశాడు. మరాఠీలో. మా ఊళ్లో చదివేవాళ్లు లేకపోతే అవ్వ దాన్ని కొంగున కట్టుకుని కొల్లాపూర్ దాకా నడిచి ఎవరితోనో చదివించుకుంది. రెండు మేకలను అమ్మింది, తమ్ముణ్ని వెంటబెట్టుకుని వెళ్లి మనిషిని ప్రాణాలతో తీసుకొచ్చింది. మా ఇంటికి తాళం ఎంత గట్టిగా ఉంటే ఏం? మనిషి ఉన్నది అక్కడ.

తాబేలు సంగతి కూడా ఇంతే. 1997లో ఒడిశాలోని గహీర్‌మఠను సముద్ర అభయారణ్యం చేశారు, 1,435 చదరపు కిలోమీటర్లు, దేశానికి గర్వకారణమైన పని. కానీ ఆలివ్ రిడ్లీ తాబేలు అక్కడికి వచ్చేది గుడ్లు పెట్టడానికి, మిగతా రోజులు ఎక్కడెక్కడో ఉంటుంది. ఒడిశాలో రెక్కకు ట్యాగ్, అంటే నంబరు ఉన్న బిళ్ల, వేసినవి తమిళనాడులో, శ్రీలంకలో దొరికాయి. 2021లో ఒడిశాలో ట్యాగ్ వేసిన ఒకటి 2025లో మహారాష్ట్ర గుహాగర్‌లో గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కిందని పేపర్లో చదివి నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. తూర్పు తీరం తాబేలు పడమటి తీరంలో! అండమాన్ దీవుల్లో గుడ్లు పెట్టిన లెదర్‌బ్యాక్ తాబేళ్లు కొన్ని ఆస్ట్రేలియా వైపు, కొన్ని ఆఫ్రికా వైపు వెళ్లాయని శాటిలైట్ ట్యాగ్‌లు చూపించాయి. దారిలో ఎన్ని దేశాల వలలో నువ్వే లెక్కేసుకో.

ఇది అర్థమైన దేశాలు కొన్ని చేతులు కలిపాయి. ఫిలిప్పీన్స్, మలేషియా 1996లో తమ మధ్య ఉన్న తొమ్మిది తాబేళ్ల దీవులను కలిపి ఒకే రక్షిత ప్రాంతంగా చూసుకుంటామని రాసుకున్నాయి, ఆరు ఫిలిప్పీన్స్‌వి, మూడు మలేషియావి. 2004లో కోస్టారికా, పనామా, కొలంబియా, ఈక్వెడార్ తమ దీవులను కలిపే సముద్రపు దారి కాపాడుకోవాలని కూర్చున్నాయి, 2022లో ఈక్వెడార్ గలపగోస్ దీవుల దగ్గర, కోస్టారికా జలాల వైపు, ఇంకో 60,000 చదరపు కిలోమీటర్లు రిజర్వ్‌గా ప్రకటించింది. మన హిందూ మహాసముద్రానికి కూడా తాబేళ్ల కోసం ఒక అవగాహన ఒప్పందం ఉంది, 2001 నుంచి అమల్లో ఉంది, మనం 2007లో సంతకం పెట్టాం. అది ఎవరినీ కోర్టుకు లాగేది కాదు. ఒకరికొకరు చెప్పుకుంటే పనిచేస్తుంది, చెప్పుకోకపోతే లేదు. నువ్వు చేరుతున్నది ఆ చెప్పుకునే పనిలోనే. అందుకే నేను చేసిన తప్పు నీకు చెప్పాలి. ఇది మీ అత్తకు కూడా పూర్తిగా తెలియదు.

1999 ఫిబ్రవరి. శ్రీకాకుళం తీరంలో ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున నేను సూపర్‌వైజర్‌ని. ఆ నెలంతా చచ్చిన తాబేళ్లే. తాబేలుకు మనలాగే ఊపిరి కావాలి, ట్రాలర్, అంటే పెద్ద మర పడవ, లాగే వలలో ఇరుక్కుని పైకి రాలేకపోతే నీళ్లలోనే మునిగి చస్తుంది. పొద్దున్నే నడుస్తూ లెక్క రాసుకునేవాణ్ని, కళ్లు ఉబ్బి, మెడ వాచి, రెక్కలు చాపుకుని పడి ఉండేవి, కుక్కలు అప్పటికే మొదలుపెట్టి ఉండేవి. కడుపు చీలినదాంట్లో గుడ్లు కనపడేవి. లెక్క రాసి రాసి నా మనసు రాయి అయిపోయింది, ఎవరినో ఒకరిని తిట్టాలని ఉండేది.

అలాంటి రోజున ఒక పెద్దాయన మేము ఉన్న పాకకు వచ్చాడు. ట్రాలర్ మనిషి కాదు, చిన్న తెప్ప మీద వేటకు పోయేవాడు. తువ్వాలు కొసన ముడి విప్పి నా ముందు పెట్టాడు. లోహపు ట్యాగ్. గోరంత వెడల్పు, వేలంత పొడవు, ఒక వైపు అంకెలు, ఇంకో వైపు తిరిగి పంపాల్సిన అడ్రసు, అంచుకు ఎండిన చర్మం ఇంకా అంటుకుని ఉంది. తన వలలో చచ్చిపోయి వచ్చిందని, బొట్టు పెట్టి సముద్రానికే ఇచ్చేశామని, ఇది మాత్రం ఎవరిదో అడ్రసు ఉంది కదా అని తెచ్చానని చెప్పాడు. శ్రీకూర్మం అక్కడికి దూరం కాదు, వాళ్లకు తాబేలు దేవుడు.

నేను అతన్ని కూర్చోమని కూడా అనలేదు. "ఎవరి పడవ? నీ పేరేంటి? ఇది వన్యప్రాణి చట్టంలో షెడ్యూల్ వన్ జీవి అని తెలుసా, చంపితే జైలు" అని గట్టిగా అరిచాను. అతను ఒక్క మాట మాట్లాడలేదు. నెమ్మదిగా ట్యాగ్ తీసుకుని, మళ్లీ తువ్వాలు కొసన ముడివేసుకుని, వెళ్లిపోయాడు. నంబరు కూడా చూడలేదు నేను. చెప్తున్నా కదా, నంబరు కూడా చూడలేదు.

ఆ తర్వాత ఆ సీజన్‌లో ఒక్కరంటే ఒక్కరు రాలేదు. పక్క ఊళ్ల నుంచి కూడా. ఎక్కడ వల వేస్తే తాబేళ్లు పడుతున్నాయో అంతకు ముందు చాయ్ తాగుతూ చెప్పేవాళ్లు, అది కూడా ఆగిపోయింది. నా రిజిస్టర్‌లో ట్యాగ్‌ల గడి ఖాళీ. మరుసటి ఏడాది ఒక పిల్లాడి మొలతాడుకు తాయెత్తుతో పాటు ఒక ట్యాగ్ వేలాడుతుంటే చూశాను. అంకెలు సగం అరిగిపోయాయి. ఎక్కడిది నాయనా అంటే వాళ్ల నాన్న ఇచ్చాడన్నాడు. ఎప్పుడు దొరికింది, ఎంత లోతులో, ఏ వలలో, బతికి ఉందా చచ్చిందా, ఏమీ తెలియదు. ఎక్కడో ఒకరు దాన్ని రాత్రంతా కాపలా కాసి ట్యాగ్ వేసి ఉంటారు, జవాబు కోసం ఎదురుచూసి ఉంటారు. జేబులో అడ్రసు కుట్టి పంపిన అవ్వ కొడుకుని నేను. ఆ కార్డు రాసిన మనిషి లాంటివాడు నా పాకకే నడిచి వస్తే, నేను అతన్ని జైలు పేరు చెప్పి పంపేశాను.

ఆ పెద్దాయన ఇంటికి వెళ్లాను. సిగ్గుతో ఏం మాట్లాడాలో తెలియలేదు. ఆయన నన్ను మంచం మీద కూర్చోబెట్టాడు, వాళ్లావిడ టీ ఇచ్చింది. చాలాసేపటికి అన్నాడు, "మీరు నంబరు అడగలేదు బాబూ. పడవ ఎవరిదని అడిగినారు."

కాబట్టి బిడ్డా, ఎవరైనా ఏదైనా తెస్తే ముందు కూర్చోబెట్టు, నీళ్లివ్వు, నంబరు రాసుకో, ఎప్పుడు, ఎక్కడ, ఏ వల అని అడుగు. పేరు వాళ్లంతట వాళ్లు చెప్తే రాసుకో. చట్టం వద్దని నేననను, కావాలని ట్రాలర్‌తో నిషేధ ప్రాంతంలోకి వచ్చేవాళ్లను పట్టుకోవడానికి ఫారెస్టువాళ్లు, కోస్ట్ గార్డువాళ్లు ఉన్నారు, వాళ్ల పని వాళ్లు చేస్తారు. నీ పని వేరు, రెండూ కలపకు. ట్యాగ్ ఎక్కడ వేశారో కనుక్కుని తెచ్చినవాడికి జవాబు తప్పకుండా చెప్పు, వారం లోపల. "నువ్వు తెచ్చింది ఫలానా ఒడ్డున వేసిందయ్యా" అంటే వాళ్ల కళ్లు ఎలా వెలుగుతాయో చూడు. శ్రీలంకలో ఉన్న నీ సాటివాళ్లకు కూడా అదే చెప్పు, ఒక్కటే ఫారం పెట్టుకోండి, అక్కడ సింహళంలో, తమిళంలో, ఇక్కడ ఒడియాలో, తెలుగులో. ఇంగ్లిష్ ఫారం మత్స్యకారుడి చేతిలో పెట్టకు.

నాకు ఇంకా కోపం తెప్పించే సంగతి ఒకటుంది. తూర్పు తీరంలో చేపల వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలై 61 రోజులు ఉంటుంది. ఆంధ్ర ఒడ్డున తాబేళ్లు గుడ్లు పెట్టేది ఎక్కువగా జనవరి నుంచి మార్చి. నిషేధం వచ్చేసరికి వాటి పని అయిపోతుంది. ఒడిశాలో కొన్ని నదీముఖాల దగ్గర నవంబరు నుంచి మే దాకా 20 కిలోమీటర్ల లోపల వేట ఆపుతారు, అది మేలు. పక్క రాష్ట్రం ఒడ్డుకే ఈ తేడా ఉంటే పక్క దేశం సంగతి ఆలోచించు. వలలో పడ్డ తాబేలు బయటికి పోయేందుకు వలకు బిగించే తలుపు, మన కొచ్చిలోని సంస్థ తయారుచేసినదే ఉంది, కానీ చేపలు పోతాయన్న భయంతో చాలామంది కట్టరు. తిట్టకు. వాళ్ల పడవ మీదే కట్టించి, పడిన చేపలను వాళ్ల ముందే తూకం వేయించి చూపించు.

సరే, చాలా అయింది. మీ అమ్మకు నేను నచ్చజెప్తాను, నువ్వు దాని మీద అరవకు. సికింద్రాబాద్‌లో నేనే రైలెక్కిస్తాను. మీ అత్త సజ్జ రొట్టెలు, పల్లీల పొడి కడుతోంది, అక్కడ అన్నం, చేపలే ఉంటాయి, మొదట్లో కడుపు తిప్పుతుంది, ఓఆర్‌ఎస్ పొట్లాలు కూడా పెట్టమన్నాను. పొడి రెండు డబ్బాలు ఉంటాయి. ఒకటి నీకు. రెండోది ఆ ఊరి వైపు వెళ్లినప్పుడు ఆ పెద్దాయనకు ఇవ్వు. ఊరి పేరు, ఇంటి గుర్తులు విడిగా రాసిస్తాను. ఇప్పటికి ఎనభై దాటి ఉంటాడు, ఉన్నాడో లేడో. లేకపోతే ఆయన కొడుకుకు ఇవ్వు. కొల్లాపూర్ నుంచి వచ్చానని చెప్పు, నంబరు అడగని బాబు మేనకోడల్ని అని చెప్పు.

రైలు కదలగానే ఫోన్ చెయ్.

మీ మామయ్య