పిన్ని కోసం పియానో మీద ఏం కట్టను?

ప్రశ్న: మా పిన్ని స్టాఫ్ నర్సు. 2021 మేలో కోవిడ్ వార్డులో పనిచేస్తూ అదే జబ్బుతో పోయింది. నైట్ డ్యూటీ దిగగానే ఫోన్ చేసి ముందు "తిన్నావా తల్లీ?" అని అడిగేది. నేను నాలుగేళ్లుగా కీబోర్డు నేర్చుకుంటున్నాను. అలా పోయిన నర్సులు, డాక్టర్లు అందరి కోసం పియానో మీద ఒకటి కట్టాలని ఉంది, కానీ కూర్చుంటే ఏడుపు బాణీలే వస్తున్నాయి. ఎలా మొదలుపెట్టాలి?
- ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: అందరి కోసం అని కూర్చోకండమ్మా, పిన్ని ఒక్కరి కోసం కూర్చోండి. 2020 జనవరి నుంచి 2021 మే దాకా ప్రపంచంలో దాదాపు 1,15,000 మంది ఆరోగ్య సిబ్బంది కోవిడ్‌తో పోయి ఉంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది, అంతమందిని ఒక్క బాణీలో పట్టడం ఎవరి తరం? మొదటి ప్రపంచ యుద్ధంలో పోయిన స్నేహితుల కోసం ఫ్రెంచి సంగీతకర్త రావెల్ ఆరు భాగాల పియానో రచన చేశాడు, ప్రతి భాగాన్నీ వాళ్ల పేర్లతో అంకితమిచ్చాడు. ఆ ఆరింటిలో మూడు నాట్యపు నడకలే! 1919లో దాన్ని మొదట వాయించిన మార్గరీత్ లాంగ్ కూడా ఆ యుద్ధంలో భర్తను పోగొట్టుకుంది, చివరి భాగం ఆయనకే అంకితం.

మీ బాణీ మీ ఉత్తరంలోనే ఉంది. "తిన్నావా తల్లీ" అని పిన్ని అన్నట్టే పైకి అనండి, గొంతు ఎక్కడ లేచిందో ఎక్కడ దిగిందో చూసుకుని ఆ ఐదక్షరాలకూ మెట్లు వెతకండి. ఏడుపే వస్తోందంటే మీ చెయ్యి శివరంజని రాగం వైపు పోతున్నట్టుంది, పోనివ్వండి, అందులోనూ ఐదే స్వరాలు. సి షడ్జమమైతే, అంటే 'స' అయితే, సి, డి, ఇ ఫ్లాట్, జి, ఎ. కాసేపు అలా వాయించి ఆ ఒక్క నల్లమెట్టు వదిలి పక్కనున్న తెల్ల ఇ నొక్కండి, మోహన రాగం అయిపోతుంది, అదే మాట నవ్వుతూ అడిగినట్టుంటుంది. పియానోలో స్వరాన్ని వంచి గమకం పలికించలేం కాబట్టి సస్టైన్ పెడల్ తొక్కి దాన్ని దానంతట అదే ఆరిపోనివ్వండి.

మానిటర్ బీప్‌లు, అంబులెన్స్ సైరన్లు మాత్రం కలపకండి, నాకైతే అస్సలు ఇష్టం లేదు. రాత్రంతా ఆ చప్పుళ్ల మధ్య ఉండి బయటికొచ్చాకే కదా ఆవిడ మీకు ఫోన్ చేసేది.

చివర్లో షడ్జమానికి దింపకుండా పంచమం, అంటే జి మీదే ఆపేయండి, అడిగిన ప్రశ్న అడిగినట్టే ఉంటుంది. రికార్డు చేసేముందు ఏమీ చెప్పకుండా మీ అమ్మగారికి ఒకసారి వినిపించండి, ఆ ఐదు స్వరాల్లో తన చెల్లెలి గొంతు ఆవిడకు తెలుస్తుందేమో చూడండి.