17వ పేజీ వెనకవైపు

సత్యనారాయణపురం,
విజయవాడ

అమ్మాయ్,

పరిశోధన పద్ధతుల మీద నువ్వు రాసి కొరియర్‌లో పంపిన 42 పేజీలూ అందాయి. కంట్లో శుక్లం తీయించుకున్నాను, చుక్కల మందు అయ్యేదాకా చదవొద్దన్నారు, అందుకే ఇంత ఆలస్యం. మొన్న ఎండ తగ్గాక వరండాలో కూచుని మొదలుపెట్టాను. ఉన్నమాట చెబుతున్నాను, తొమ్మిదో పేజీకే విసుగొచ్చింది. "పరిశోధన పద్ధతులు ప్రధానంగా రెండు రకాలు: గుణాత్మకం, పరిమాణాత్మకం" అన్న చోట నా బి.ఎడ్. గైడు పుస్తకం వాసన కూడా వచ్చింది. ఎలాగో నెట్టుకొస్తూ ఉండగా పదిహేడో పేజీ గాలికి తిరగబడింది. వెనకవైపు పెన్సిల్ రాత.

నువ్వు చూసుకోలేదనుకుంటాను. వాడిన కాగితాలు పారేయకుండా రెండోవైపు ప్రింటు తీశావు. మంచి అలవాటే. ఆ కాగితం మాత్రం నువ్వు కాలవ పక్క వీధిలో మండువా ఇల్లు కొలవడానికి వెళ్ళిన రోజుది. ఒక గది గీశావు. నాలుగు వైపులా కొలతలు: 12 అడుగుల 6 అంగుళాలు, 14 అడుగులు, మళ్ళీ 12-6, మళ్ళీ 14. మూల నుంచి మూలకి ఒకటి 18-4, రెండోది 19-2. ఆ 19-2 కింద రెండు గీతలు, పక్కన ప్రశ్నార్థకం. "టేపు జారిందా? మళ్ళీ కొలిచా. అంతే వచ్చింది." దాని కింద టీ మరక పక్కన, "మామ్మగారు: వీధి కాలవ వెంట వొంగిందమ్మా, పక్క గోడలు మాత్రం దిక్కు చూసి కట్టారు మావాళ్ళు." ఆ మాటను అడ్డంగా కొట్టేశావు. అయినా చదవడానికి వస్తోంది.

కాగితం ఇటు తిప్పాను. ఐదో బొమ్మ. అదే గది, కంప్యూటర్‌లో గీసింది. మూలమట్టం పెట్టినట్టు నాలుగు మూలలూ తిన్నగా ఉన్నాయి.

ఎవరడిగారమ్మా నిన్ను ఆ గదిని సరిచేయమని?

ఎదురెదురు గోడలు సమానంగా ఉన్నంత మాత్రాన మూలలు తిన్నగా ఉన్నట్టు కాదని తాపీమేస్త్రీ దగ్గర పనిచేసే కుర్రాడికి కూడా తెలుసు. అందుకే వాళ్ళు మూడు, నాలుగు, ఐదు అని తాడు కొలిచి మూల చూసుకుంటారు. నీ కొలతలకు మూలలు సరిగ్గా ఉంటే రెండు కర్ణాలూ 18 అడుగుల 9 అంగుళాల చొప్పున రావాలి. టేపు జారితే ఏదో ఒకటి తప్పొస్తుంది. ఒకటి ఐదంగుళాలు తగ్గి రెండోది ఐదంగుళాలు పెరిగిందంటే గదే ఒరిగి ఉందన్నమాట. ఎందుకు ఒరిగిందో మామ్మగారు కూడా చెప్పారు. వీధి వైపు గోడా, వెనక గోడా కాలవతో పాటు పోయాయి, పక్క గోడలు దిక్కుతో పాటు పోయాయి. ఆవిడ మాట నిజమైతే ఆ ఇంటి ప్లానులో ప్రభుత్వం తవ్వించిన కాలవా, ఇంట్లోవాళ్ళ వాస్తు పట్టింపూ రెండూ పడుకుని ఉన్నాయి. 42 పేజీల్లో నీది అంటూ ఉన్నది ఈ ఒక్క సంగతే. దాన్ని వెనక్కి తిప్పి, ముందువైపు "నిర్మాణ రంగ పరిశోధనలో ఖచ్చితమైన కొలతలు అత్యావశ్యకం" అని రాశావు.

నాకు ఒకే ఒక్క పిచ్చి ఉంది, నలభై ఏళ్ళుగా అందరికీ ఇదే చెప్పి విసిగిస్తున్నాను: కొట్టేసినదాన్ని దాచకు. మా ఇంట్లో రబ్బరు ఉండదు, మనవళ్ళు కూడా నన్ను తిట్టుకుంటారు. ల్యాబులో నోటుబుక్కు ఇంకుతోనే రాయాలి, తప్పయితే ఒక్క గీత కొట్టాలి, కింద ఉన్నది కనబడాలి. ఎందుకంటావు? రేపు అదే తప్పు కాకపోవచ్చు. తాళపత్రాలు పరిష్కరించేవాళ్ళు తాము ఒప్పుకోని పాఠాన్ని కూడా పేజీ అడుగున పాఠాంతరమని ఇస్తారు, నాలాంటివాడు వచ్చి వాళ్ళతో పోట్లాడుకునే వీలుండాలని. సి.పి. బ్రౌన్ వేమన పద్యాలు 1829లో అచ్చేశాడంటే ఒక్క ప్రతి దొరకగానే ప్రెస్సుకు పరిగెత్తలేదు, దొరికిన ప్రతులన్నీ పోల్చి చూశాకే. ల్యాబయినా, తాటాకయినా, ఇంటి ప్లానయినా పని ఇదే. నువ్వేమో మూడింటికీ మూడు అధ్యాయాలు పెట్టి, మధ్యలో గోడలు కట్టి, ఒకదాని గాలి ఇంకోదానికి తగలకుండా చేశావు.

ఆ శాస్త్రాల అధ్యాయంలో "కొలతల్లో మనిషి ప్రమేయం ఉండదు" అన్నావు. గుంటూరు పిల్లవి, మిరపకాయల మధ్య పెరిగినదానివి, నువ్వా అనేది! మిరప ఘాటును స్కోవిల్ యూనిట్లలో చెబుతాం కదా, ఆ స్కోవిల్ 1912లో చేసిందేమిటో తెలుసా? మిరప సారాన్ని పంచదార నీళ్ళలో కలిపి, ఇంకా ఇంకా పలచన చేస్తూ ఐదుగురికి రుచి చూపించడం. వాళ్ళలో ఎక్కువమందికి మంట తెలియకుండా పోయేదాకా ఎన్ని రెట్లు పలచన చేశారో అదే ఆ కాయ ఘాటు. పరికరం ఏమిటయ్యా అంటే నాలుక. నాలుగు కాయలు రుచి చూసేసరికి అది మొద్దుబారుతుంది, మనిషి మనిషికీ మారుతుంది. ఇప్పుడు యంత్రం పెట్టి, మంట పుట్టించే క్యాప్సైసిన్ ఎంతుందో కొలిచి, లెక్కగట్టి, ఆ పాత యూనిట్లలోకే మార్చి చెబుతున్నారు. మన మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారి కాయ విరిచి, చెవి దగ్గర ఆడించి గింజ చప్పుడు వింటాడే, అదీ కొలతే. ఎన్నిసార్లు నిజమైందో ఎవరూ రాసిపెట్టలేదంతే.

కళల పరిశోధకుడికి లెక్కలతో పని లేదని ఇంకోచోట రాశావు. నూజివీడు, నందిగామ బళ్ళలో చదువుకున్న గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావుగారు 1946లో కేంబ్రిడ్జి వెళ్ళింది మ్యూజియంలో ఉన్న ఎముకల పని మీద. సూడాన్‌లో జెబెల్ మోయా అనే చోట తవ్వితే దొరికిన అస్థిపంజరాలు. ఆ మనుషులు ఎవరికి దగ్గరివాళ్ళో కొలతలతో తేల్చాలి. అది ఏ అధ్యాయంలో పెడతావు?

నా సంగతి కూడా చెప్పాలి, లేకపోతే నీకు నేనేదో పుట్టుకతోనే తెలిసినవాడిలా కనబడతాను. 1986లో అమరావతి స్తూపం మీద మొదటి వ్యాసం రాశాను. రామ్మోహన గ్రంథాలయంలో కూచుని, కరెంటు పోతే కిటికీ దగ్గరికి జరిగి, చేత్తో ఎత్తిరాసుకున్న నోట్సు. "అమరావతి పాలరాతి శిల్పాలు" అని మొదలుపెట్టాను. 1845లో వాల్టర్ ఇలియట్ అనే బ్రిటిష్ అధికారి తవ్వించిన రాళ్ళు మద్రాసుకీ, అక్కణ్ణించి చాలావరకు లండన్‌కీ పోయాయి. వాటికి ఇలియట్ మార్బుల్స్ అని పేరు పడింది. ఇంగ్లీషు పుస్తకంలో మార్బుల్ అని ఉంటే నేను పాలరాయి అన్నాను. అంతే నా పరిశోధన.

మాచర్ల దగ్గర దుర్గిలో రాయి చెక్కే ఒకాయన నవ్వాడు. "పాలరాయి ఎక్కడిదండీ, అది మా పల్నాటి సున్నపురాయే" అన్నాడు. నాకు పౌరుషం వచ్చింది. సైన్సు చదివినవాణ్ణి కదా, పరీక్ష చేద్దామని అక్కడి రాతి పెంకు ఒకటీ, విజయవాడలో గచ్చు వేస్తున్న చోట పాలరాతి ముక్క ఒకటీ తెచ్చి రెండింటి మీదా నిమ్మకాయ పిండాను. రెండూ సన్నగా బుడగలు కక్కాయి! రెండూ కాల్షియం కార్బొనేటే అని నాకు అప్పుడు వెలిగింది. ఒక నిమ్మకాయ, ఒక సాయంత్రం దండగ. మళ్ళీ ఆయన దగ్గరికే వెళ్ళాను. "విరిచి చూడండి. విరిగిన చోట పంచదారలా తళుక్కుమంటే పాలరాయి, మట్టిగా ఉంటే మా రాయి" అన్నాడు. విరిచాను. ఆయన చెప్పిందే.

ఇదంతా వ్యాసంలో రాశాను, నిమ్మకాయతో సహా. ఒక వారపత్రిక సంపాదకుడు (పేరెందుకులే, ఇప్పుడు లేడు) నిమ్మకాయ తీసేశాడు. దుర్గి ఆయన్ని కూడా తీసేశాడు. "పాఠకుడికి ఫలితం చాలు, నీ వంటింటి గొడవ ఎందుకు" అన్నాడు. "అమరావతి శిల్పాలు సున్నపురాతివని పండితుల అభిప్రాయం" అని అచ్చయింది. ఏ పండితులు? ఆ ముక్క చదివిన ప్రతిసారీ ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. తర్వాత ఎం.ఫిల్‌లో నాకు దొరికిన గైడు ఇంకో రెండాకులు ఎక్కువ చదివాడు. పనంతా అయ్యాక, "ఫలితాలు వచ్చాయిగా, ఇప్పుడు వాటికి తగ్గట్టు పరికల్పన, అంటే ముందే ఊహించినట్టు ఒక మాట, రాసి ముందు పెట్టు" అన్నాడు. పెట్టాను. పట్టా వచ్చింది. ఆ థీసిస్ ఎవరికీ చూపించను.

మీ కాలం రోగం వేరు. యూనివర్సిటీలను చూసే యూజీసీ 2018లో నిబంధనలు పెట్టింది, ఇతరుల రాతలతో పోలిక పది శాతం లోపుంటే ఫర్వాలేదని. అప్పట్నుంచి పిల్లలంతా "ముఖ్యమైన"ను "ప్రధానమైన" చేసి శాతం తగ్గించుకుంటున్నారు. నీ రెండో అధ్యాయం ఆ కసరత్తులానే ఉంది, కాదంటావా? ఇక ఆ గూగుల్ ఫారం సర్వే. 108 మంది జవాబిచ్చారని గుండ్రటి పై చార్టు గీశావు. వాళ్ళెవరో చెప్పలేదు. మీ క్లాసు వాట్సాప్ గ్రూపు అయ్యుంటుంది. అయితే అదే రాయి, సిగ్గేమీ లేదు: "మా గ్రూపులో పెట్టాను, ఇంతమంది చూశారు, 108 మంది నొక్కారు." చార్టు మాత్రం తీసెయ్.

భాష బాగుంది. సామాన్లగది వర్ణన నాకు నచ్చింది.

ఏ జర్నల్‌కి పంపాలని అడిగావు. డబ్బులు అడిగేవాళ్ళకి మాత్రం వద్దు. పీహెచ్‌డీ సంగతి మీ నాన్నగారితో మాట్లాడుకో. మిగతా ప్రశ్నలు ఆ 17వ పేజీ గొడవలో పడి మర్చిపోయాను, ఉత్తరం ఎక్కడో పెట్టాను.

ఇప్పుడు చెయ్యాల్సిన పని. మామ్మగారి మాట ఇంకా మాటే. దాన్ని పరీక్షించాలి. నీ కర్ణాల లెక్క ప్రకారం గది ఒరిగింది మూడు డిగ్రీల లోపే. ఫోన్‌లో ఉన్న దిక్సూచిని నమ్మకు, కిటికీ ఇనుప ఊచల దగ్గర అది అంతకంటే ఎక్కువే తప్పు చెబుతుంది. పాతకాలం శంకువు పెట్టు. చదునైన నేల మీద కర్రను తూకంగా నిలబెట్టి, దాని చుట్టూ వృత్తం గీయి. పొద్దున నీడ కొస ఆ గీతను తాకి లోపలికొచ్చే చోట ఒక గుర్తు, మధ్యాహ్నం మళ్ళీ బయటికి పోయే చోట ఇంకో గుర్తు. రెండూ కలిపితే తూర్పు పడమరలు. ఆ ఇల్లు కట్టినవాళ్ళు కూడా ఇలాగే దిక్కు చూసి ఉండొచ్చు. మండువాలో అంతసేపు ఎండ నిలుస్తుందో లేదో ముందు చూసుకో, చూరు నీడ పడితే వీధి అరుగు ముందు పెట్టు. ఆ గీతకీ పక్క గోడకీ తొంభై డిగ్రీలు వస్తే మామ్మగారు గెలిచినట్టు. రాకపోతే ఎంత వచ్చిందో రాయి, ఆవిడ మాట కూడా పక్కనే ఉంచు.

ఒంటరిగా చేయలేవు, కర్ర పట్టుకోవడానికి ఇంకొకరు కావాలి. వచ్చే ఆదివారం నాకు ఖాళీ. తొమ్మిదిన్నరకల్లా ఆ వీధి చివర ఉంటాను, మేకులు, పురికొస నేను తెస్తాను. నువ్వు పెన్సిల్, టేపు తీసుకురా. 17వ పేజీ నా దగ్గరే ఉంచుకున్నాను, అప్పుడిస్తాను.

ఆశీస్సులతో,
మాస్టారు