మాల తీసిన సాయంత్రమే మళ్ళీ సిగరెట్... ఈ వారం మీ ఉత్తరాలు

డిసెంబర్ చివరి వారం నుంచి నాకొచ్చే ఉత్తరాలన్నీ ఒకటే రాగం, ఈ ఏడాదన్నా మానేస్తా అక్కా, ఎలా మానాలో చెప్పు అని. సిగరెట్టు, ఫోను, రాత్రిళ్ళు ఆలోచనలు, ఆన్‌లైన్ షాపింగు, ఒకావిడైతే ఆడపడుచు మీద కోపం మానాలనుంది అని రాసింది (ఆవిడ ఉత్తరం పదకొండు పేజీలు, దానికి ఇంకో వారం కావాలి). మా బెజవాడలో 31 రాత్రి బేకరీల ముందు నిలబడ్డ జనాన్ని చూస్తే అదే అనిపిస్తది, ప్రతివాడి చేతిలో ఒక కేకు డబ్బా, మనసులో ఒక ఒట్టు, కేకు ఒకటో తారీకు మధ్యాహ్నానికి అయిపోద్ది, ఒట్టు కూడా ఇంచుమించు అప్పటికే. సరే, నాలుగు ఉత్తరాలు ఏరాను.

ప్రశ్న: అక్కా నమస్తే. నాకు 34 ఏళ్ళు, గుంటూరు మిర్చి యార్డు కాడ ఒక కమిషన్ షాపులో గుమాస్తాగా చేస్తన్నా. పన్నెండేళ్ళ నుంచి సిగరెట్టు, రోజుకి ఎనిమిదో పదో. ఏటా అయ్యప్ప మాల వేస్తా, ఆ 41 రోజులు ఒక్కటి కూడా ముట్టను. ఈసారి కూడా శబరిమల పోయొచ్చి 28న మాల తీశా, అదే రోజు సాయంత్రం టీ కొట్టు కాడ ఎట్టా వెలిగించానో నాకే తెలీదు. మా ఆవిడ రెండ్రోజులు మాట్లాడలేదు. ఒకటో తారీకు మళ్ళీ ఒట్టేసుకున్నా, మధ్యాహ్నం దాకా ఆగింది. దేవుడి భయం ఉంటేనే మానగలనా, నాకంటూ విల్ పవర్ లేదా? — ఓ పాఠకుడు, గుంటూరు

జవాబు: తమ్ముడూ, విల్ పవర్ లేనోడు 41 రోజులు ఉండలేడయ్యా, ఆ మాట ముందు పక్కన పెట్టు. నీ ఉత్తరం చదివి నేను ఆగిపోయింది వేరే చోట. సిగరెట్ ఆపాక ఒంట్లో నికోటిన్ రెండు మూడు రోజుల్లోనే పోద్ది, ఆ మొదటి మూడు రోజులే నరకం, చిరాకు, తలనొప్పి, నిద్ర పట్టదు, ఎవరు పలకరించినా కరవాలనిపిస్తది, ఆ తర్వాత మూడు నాలుగు వారాల్లో ఒళ్ళు సర్దుకుంటది. నువ్వు 41 రోజులు దాటేశావు. అంటే 28 సాయంత్రం ఆ సిగరెట్ నీ ఒళ్ళు అడగలేదు, టీ కొట్టు అడిగింది. ఆ గ్లాసు, ఆ టైము, ఆ పక్కన నిలబడ్డ మనిషి, వాళ్ళందరూ కలిసి అడిగారు.

మాలలో ఉన్నప్పుడు ఏం జరిగిందో ఒకసారి గుర్తు చేసుకో. తెల్లారుజామున లేచి చన్నీళ్ళ స్నానం, పూజ, కాళ్ళకి చెప్పుల్లేవు, నేల మీద పడక, నల్ల బట్టలు, నిన్ను పేరు పెట్టి పిలిచేవాడే లేడు, ఓనరు దగ్గర్నుంచి ముఠా మేస్త్రి దాకా అందరూ స్వామీ అనేవాళ్ళే. నువ్వొస్తుంటే పక్క కొట్టోడు సిగరెట్టున్న చెయ్యి వెనక్కి పెట్టుకుని ఉంటాడు, అవునా? నువ్వు అడిగినా ఎవడూ ఇవ్వడు. భయం ఉంది, కాదన్ను, కానీ ఆ భయం చుట్టూ ఊరంతా కలిసి కట్టిన కంచె ఉంది చూడు, పని చేసింది అదే. మాల తీసినరోజు కంచె మొత్తం ఒకేసారి పీకేసి, అదే టీ కొట్టుకి, అదే టైముకి పోయి నిలబడ్డావు. నువ్వనే కాదు, ఎవరైనా వెలిగిస్తారు.

నా సంగతి చెప్తా, నవ్వకు. నాకు పదహారేళ్ళు వక్కపొడి అలవాటు. పొగాకు లేదు కదా, పెళ్ళి భోజనాల్లో కూడా పెడతారు కదా అనుకునేదాన్ని. పంటి నొప్పని వెళ్తే డెంటిస్టు నీ మూడు వేళ్ళు నిలువుగా నోట్లో పెట్టమ్మా అన్నాడు, రెండున్నరే పట్టాయి. వక్క వల్ల బుగ్గల లోపల గట్టిపడి నోరు బిగుసుకుపోద్దంట, పైగా 2004లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళ క్యాన్సర్ విభాగం వక్కని కూడా క్యాన్సర్ కారకాల మొదటి జాబితాలో పెట్టిందంట. భయపడి ఆ సాయంత్రమే మానేశా, నాలుగో రోజు మళ్ళీ తిన్నా. చివరికి దొరికిన కిటుకు ఏంటంటే, నేను వక్కపొడి తినేది భోజనం అయ్యాక కాదు, హ్యాండ్‌బ్యాగు సైడ్ జిప్ చేతికి తగిలినప్పుడల్లా. ఆ చిన్న స్టీలు డబ్బా తీసి అందులో వేయించిన సోంపు పోశాను. చెయ్యి అక్కడికే పోయేది, డబ్బా మూత అదే చప్పుడు, లోపల సోంపు. ఇప్పటికి మూడేళ్ళు.

అందుకని నువ్వు కూడా మాలలోవి రెండు ముక్కలు ఉంచుకో. ఆ తెల్లారుజాము స్నానం ఉంచుకో. సాయంత్రం టీ మీ కమిషన్ షాపులోకే తెప్పించుకుని కాటా దగ్గర రైతులతో మాట్లాడుతూ తాగు, కనీసం ఒక నెల ఆ కొట్టు వైపు పోవద్దు. జేబులో అగ్గిపెట్టె ఉంచకు. మానేస్తున్నా అని ఊరంతా చాటక్కర్లా, నీకు సిగరెట్ అందించే ఆ ఇద్దరు ముగ్గురికి మాత్రం చెప్పు, నన్ను ఇంకా స్వామి అనే పిలవండ్రా అని చెప్పు, సరదాకే. తాగాలనే గుంజుడు ఒక్కోసారి కొన్ని నిమిషాలే ఉంటది, ఆ కాసేపు రెండు టిక్కీల (మిర్చి బస్తాల) తూకం రాసేలోపు దాటిపోద్ది.

మళ్ళీ మొదలెట్టావు కాబట్టి మొదటి రోజులు కష్టమైతే మెడికల్ షాపులో నికోటిన్ గమ్ 2 మిల్లీగ్రాములది దొరుకుద్ది. దాన్ని బబుల్‌గమ్ నమిలినట్టు నమలకూడదు. నాలుగు సార్లు కొరికి నోరు చురుక్కుమనగానే బుగ్గలో ఓ పక్కన పెట్టెయ్యాలి, చురుకు తగ్గితే మళ్ళీ కొరకాలి, అట్లా ఓ అరగంట. టీ తాగాక పావుగంట ఆగి వేసుకో, లేకపోతే మందు సరిగా ఎక్కదు. గుండె జబ్బు లాంటిదేమన్నా ఉంటే డాక్టర్ని అడిగాకే. ఇంకోటి, నువ్వు కొనే పాకెట్ మీదే 1800-11-2356 అని ఒక నంబరు ఉంటది, 2018 సెప్టెంబర్ నుంచి అన్ని పాకెట్ల మీదా వేస్తున్నారు, మానాలనుకునే వాళ్ళకి ఫ్రీగా సలహా చెప్పే లైను అది. పన్నెండేళ్ళుగా పాకెట్ చింపుతున్నావు, ఒక్కసారన్నా చదివావా?

మళ్ళీ ఒకటి కాల్చేస్తే ఏంటి అంటావు. టిక్కీలో నాలుగు తాలు కాయలు కనపడితే లాట్ మొత్తం పారబోస్తారా మీ షాపులో? తాలు ఏరి పక్కన పెట్టి మిగతాది కాటా వేస్తారు కదా. నీ 41 రోజులు అట్లాగే ఉన్నాయి, ఎక్కడికీ పోలా. మానేసి ఏడాది ఉంటే సిగరెట్ వల్ల పెరిగిన గుండెపోటు ముప్పు దాదాపు సగానికి తగ్గుద్ది, డబ్బు ఎంత మిగులుద్దో కమిషన్ షాపు గుమాస్తాకి నేను లెక్క చెప్పాలా. అన్నట్టు దగ్గు సంగతి. మా చుట్టాలాయనతో ఓసారి మీ యార్డుకొచ్చా, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకున్నా ఐదు నిమిషాల్లో కళ్ళెంట నీళ్ళు. అక్కడ అందరూ దగ్గుతారు కాబట్టి ఎవరిది ఘాటు దగ్గో ఎవరిది సిగరెట్ దగ్గో తెలీదు. రెండు వారాలు దాటి దగ్గు ఉంటే మాత్రం ఆస్పత్రిలో చూపించుకో, ఘాటు మీదకి నెట్టెయ్యకు.

ప్రశ్న: మేడమ్ గారూ, మాది విజయవాడ అజిత్‌సింగ్ నగర్. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు నీళ్ళు ఇంట్లోకి వచ్చాయి, మా ఫ్రిజ్ తేలుతుంటే చూస్తూ మేడ మీద కూర్చున్నాం. అప్పట్నుంచి వాన చప్పుడైతే లేచి గేటు దాకా వెళ్ళి రోడ్డు చూసొస్తా. ఇప్పుడు వాన లేకపోయినా రాత్రి రెండింటికి మెలకువ వస్తోంది, బాబు ఫీజు, మా వారి షుగరు, ఇంటి లోను, అన్నీ వరసగా గుర్తొస్తాయి. కొత్త సంవత్సరంలో అన్నీ వదిలెయ్ అంటారు మా వారు. ఎలా వదిలెయ్యాలండీ? — ఓ గృహిణి

జవాబు: అమ్మా, వదిలెయ్ అనడం అంత తేలికైన పని ఇంకోటి లేదు, మీ వారు ప్రేమతోనే అన్నారనుకోండి. మేము పటమటలో ఉంటాం, మా ఇంట్లోకి నీళ్ళు రాలేదు, అందుకని మీ భయం నాకు పూర్తిగా తెలుసని అనను. కానీ ఆ రెండ్రోజులు గుర్తున్నాయి. అటు బుడమేరుకి గండ్లు పడి సింగ్ నగర్ ఫ్లైఓవర్ దగ్గర పడవలు, ఇటు 2వ తారీకు ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు, 1957లో పూర్తయిన ఆ బ్యారేజీ అంత వరద ఎప్పుడూ చూడలేదు. అది ఇంట్లో నడుముల్లోతున చూసిన మనిషికి వాన చప్పుడుకి మెలకువ రావడం పిచ్చేం కాదు, ఒంటికి కాపలా కుక్క లాంటి బుద్ధి ఒకటి ఉంటది, అది ఆ రోజు నుంచి నిద్రపోలేదు, అంతే.

ఆ కుక్కని తరిమితే పోదు. దానికి పని చూపించాలి. మీ దిగుళ్ళు విడదీయండి, చేతికి పనున్నవి వేరు, లేనివి వేరు. వానకి సంబంధించి పనుంది. సర్టిఫికెట్లు, ఇంటి కాయితాలు ప్లాస్టిక్ కవర్లో చుట్టి అటక మీద పెట్టడం, ఆధార్ లాంటివి ఫోన్‌లో డిజీలాకర్‌లో ఉంచుకోవడం, ఇన్వర్టర్ నేల మీద ఉంటే ఎత్తు బల్ల మీదకి ఎక్కించడం, మీ వారి మందులు పది రోజులవి ఒక డబ్బాలో విడిగా. ఇదంతా ఒక ఆదివారం పని, జనవరిలో మనకి వానలు పెద్దగా ఉండవు కాబట్టి ఇప్పుడే చేసెయ్యండి. రాత్రి రెండింటికి ఆ భయం వచ్చినప్పుడు కాయితాలు అటక మీద ఉన్నాయి అని చెప్పడానికి మీ దగ్గర ఒక మాట ఉంటది.

మిగతా వాటికి ఒక పద్ధతి ఉంది, 1983లో అమెరికా సైకాలజిస్టులు పరీక్షించి చూసింది, వినడానికి తమాషాగా ఉంటది. దిగులు పడటానికి రోజూ ఒక అరగంట టైము పెట్టుకోవాలి, ఒకే టైము, ఒకే చోటు. సాయంత్రం ఐదున్నర అనుకోండి, వంటింటి ముందు కుర్చీ అనుకోండి, మంచం మీద మాత్రం కాదు. ఆ అరగంటా ఫీజు, షుగరు, లోను, అన్నీ ఒక నోటుబుక్కులో రాసుకుంటూ తనివితీరా దిగులు పడండి, లేచి పొయ్యి దగ్గరకి వెళ్ళిపోండి. రాత్రి రెండింటికి గుర్తొస్తే ఒక్క ముక్క కాయితం మీద రాసి, రేపు ఐదున్నరకి చూద్దాం అనాలి. మొదటి వారం ఏమీ పని చెయ్యదు, నాకూ చెయ్యలేదు. టైము ఎంతైందో చూడకండి, నిద్ర పట్టక దొర్లుతుంటే లేచి మసక వెలుతుర్లో కాసేపు కూర్చుని కళ్ళు మూతలు పడ్డాకే పడుకోండి. గేటు దాకా వెళ్ళడం ఒక్కసారిగా మానలేరు, వెళ్ళేముందు ఐదు నిమిషాలు ఆగండి, తర్వాత పది.

నీళ్ళు కళ్ళ ముందు మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంటే, వంటా పనీ కూడా చెయ్యలేకపోతుంటే 14416కి ఫోన్ చెయ్యండి, టెలీ మానస్ అని కేంద్రం 2022 అక్టోబర్లో మొదలుపెట్టింది, డబ్బులు అక్కర్లేదు, రాత్రి రెండింటికైనా తెలుగులో మాట్లాడతారు. మాట్లాడితే పిచ్చి అనుకుంటారేమో అని ఆగకండి, మీరు నాకు ఇంత రాశారు కదా, అదే మాట అక్కడ చెప్పడం.

ప్రశ్న: ఆంటీ, బీటెక్ సెకండియర్. రాత్రి రెండింటి దాకా రీల్స్. 21 రోజుల ఛాలెంజ్ పెట్టుకున్నా, ఆరో రోజు పోయింది. మళ్ళీ మొదటి నుంచి మొదలెట్టాలా? — విజయవాడ

జవాబు: అక్కర్లేదు నాన్నా. ఆ 21 రోజుల లెక్క 1960లో అమెరికాలో ఒక ప్లాస్టిక్ సర్జన్ తన పేషెంట్లని చూసి రాసుకున్న మాట నుంచి పాకింది, పాకి పాకి శాస్త్రమైపోయింది. లండన్‌లో 96 మంది మీద పరిశోధన చేస్తే ఒక అలవాటు కుదురుకోవడానికి సగటున 66 రోజులు పట్టింది, ఒకరికి 18 అయితే ఇంకొకరికి 254 దాకా పట్టొచ్చని తేలింది. మధ్యలో ఒక రోజు తప్పితే పెద్ద తేడా ఏమీ రాలేదు. కాబట్టి నీది ఏడో రోజు, ఒకటో రోజు కాదు. ఛార్జర్ హాల్లోకి మార్చు, అలారానికి గడియారం కొనుక్కో, బీసెంట్ రోడ్డు మీద ఎక్కడైనా దొరుకుద్ది. మామూలుగా జనవరి మొదట్లో మన దగ్గర పుస్తకాల పండగ పెడతారు కదా, వెళ్ళి మంచం పక్కన పెట్టుకోవడానికి ఒక పుస్తకం తెచ్చుకో, చదవకపోయినా పర్లేదు, చెయ్యి చాపితే ఏదో ఒకటి తగలాలి.

ప్రశ్న: అమ్మా, వయసు 67, బీపీ. డాక్టర్ పచ్చళ్ళు మానమన్నాడు. జనవరి ఒకటి మన సంవత్సరాది కాదు కదా, ఉగాది నుంచి మానేద్దామనుకుంటున్నా. మీరేమంటారు? — బ్రాడీపేట, గుంటూరు

జవాబు: బాబాయ్ గారూ, జనవరి ఒకటిని ఏడాది మొదలుగా పెట్టి క్యాలెండర్ సవరించింది క్రీస్తుపూర్వం 45లో రోములో జూలియస్ సీజరు, మనది కాదనే మాట నిజమే. ఏప్రిల్ 1న ప్రభుత్వం లెక్కల ఏడాది కూడా ఉంది, అదీ ఉంచుకోండి, అవసరం పడొచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకి ఉప్పు 5 గ్రాముల లోపు అంటోంది, అంటే ఒక చిన్న చెంచా, కూర, పప్పు, చారు, మజ్జిగ అన్నిట్లో కలిపి. గుంటూరులో పుట్టి పచ్చడి పూర్తిగా మానమని చెప్పే ధైర్యం నాకు లేదు, గోంగూర పచ్చడి జాడీ భోజనాల బల్ల మీద నుంచి తీసి వంటింట్లో పెట్టించండి, కావాలంటే లేచి వెళ్ళి వేసుకోవాలి, మోకాళ్ళ నొప్పి కొంత సాయం చేస్తుంది. ఉగాదికి మాత్రం పెట్టుకోకండి. ఆ తర్వాత నెల తిరక్కుండానే మీ ఇంట్లో కొత్తావకాయ కలుపుతారు.