వెంటిలేటర్ తీసేయమంటే నాన్నని చంపినట్టేనా?

మీ ప్రశ్న రాత్రి చదివాను, నిద్ర పట్టలేదు. నాన్నగారికి 81 ఏళ్ళు, మెదడులో రక్తస్రావం, 17 రోజులుగా వెంటిలేటర్ మీద ఉన్నారు. డాక్టర్లు నోటితో ‘ఇక లాభం లేదు’ అంటున్నారు గానీ రాసివ్వడం లేదు. మీ తమ్ముడు ససేమిరా అంటున్నాడు. ‘తీసేయమంటే మేమే చంపినట్టు కదా? రేపు పోలీసు కేసు అవుతుందా?’ అని అడిగారు.

నేను డాక్టర్ని కాదు, లాయర్నీ కాదు. 2019 ఎండాకాలంలో గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూ బయట, ఆ చిల్లుల స్టీలు కుర్చీల్లో పదకొండు రోజులు కూర్చున్నదాన్ని. ఆ తర్వాత ఈ విషయం గురించి దొరికిందల్లా చదివాను, ఎందుకంటే మేం చేసింది తప్పో ఒప్పో చాలా రోజులు తేలలేదు నాకు.

సూటిగా చెప్పేస్తాను. కోలుకునే ఆశ లేని మనిషికి, పద్ధతి ప్రకారం, వెంటిలేటర్ లాంటివి ఆపడం మన దేశంలో నేరం కాదు. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం ఈ మాట ఖాయం చేసింది. గౌరవంగా చనిపోవడం కూడా రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమేనంది. ఇంజక్షన్ ఇచ్చి ప్రాణం తీయడం మాత్రం నేరమే, రోగి చేతులు జోడించి అడిగినా సరే. రోగి తనంతట తాను మింగడానికి మందు తెచ్చివ్వడం కూడా ఆత్మహత్యకు ప్రేరేపించడం కిందికొస్తుంది. ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 108వ సెక్షన్ ప్రకారం పదేళ్ళ దాకా శిక్ష పడొచ్చు. మీరడిగేది మొదటి రకం. కాబట్టి ‘హంతకులం’ అన్న మాట మీ ఇంట్లో ఎవరూ వాడకుండా చూడండి. ఆ మాట ఒకసారి బయటికొస్తే ఏళ్ళ తరబడి పోదు.

మా సంగతి చెప్తాను.

మా నాన్న తెనాలిలో తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. 76 ఏళ్ళప్పుడు పొద్దున్నే పేపరు చదువుతూ కుర్చీలోంచి పక్కకి ఒరిగిపోయారు. మూడో రోజుకే పెద్ద డాక్టరు మమ్మల్ని లోపలికి పిలిచి, స్కాన్ ఫిల్ము లైటు మీద పెట్టి, ‘మెదడు చాలావరకు పోయిందమ్మా, ఈయన లేచి కూర్చునే అవకాశం లేదు’ అన్నారు. అమ్మ ఏడవలేదు. ‘ఇంటికి తీసుకెళ్తాం’ అంది, అక్కడే. నేనే అడ్డం పడ్డాను. డల్లాస్‌లో ఉన్న అన్నయ్య బయల్దేరాడు, వాడు వచ్చేదాకా ఉంచండి అన్నాను.

ఆ మూడు రోజులు నాన్న కోసం కాదని ఇప్పుడు ఒప్పుకుంటాను. అన్నయ్య కడసారి చూపు కోసం, రేపు బంధువులు ‘కొడుకు రాకుండానే పీకేశారట’ అనకుండా ఉండడం కోసం. తప్పని అనను. మూడు రోజులు ఆగడం పెద్ద పాపమేం కాదు. కానీ ఆరో రోజు అన్నయ్య వచ్చాక వాడు అసలు ఒప్పుకోలేదు. నాన్న కాలి బొటనవేలు కదిలిందన్నాడు. నర్సు ‘అది రిఫ్లెక్స్ సార్’ అంటే ఆమె మీద అరిచాడు. ఇంకో ఆసుపత్రికి మారుద్దామన్నాడు. మరో అయిదు రోజులు.

నాన్న అంతకు రెండేళ్ళ ముందు తన స్నేహితుణ్ణి చూడ్డానికి విజయవాడలో ఆసుపత్రికెళ్ళి వచ్చి, కాళ్ళు కడుక్కుంటూ అన్నారు నాతో: ‘నన్ను మాత్రం ఇట్లా గొట్టాలు పెట్టి కట్టెయ్యకండే.’ రోజూ సాయంత్రం గుళ్ళో కూర్చుని ‘అనాయాసేన మరణం, వినా దైన్యేన జీవనం’ అని చదువుకునేవారు. చావు కష్టం లేకుండా రావాలి, బతుకు ఒకరి మీద ఆధారపడకుండా సాగాలి అని. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఆ శ్లోకం ఎన్నిసార్లు అంటారో! మనం అది దేవుడికి చెప్పుకునే మాట అనుకుంటాం, మనకి చెప్తున్నారని అనుకోం. నేను ఈ గొట్టాల మాట చెప్తే అన్నయ్య అన్నది ఒకటే: ‘నాతో ఎప్పుడూ అనలేదే.’ నిజమే, వాడితో అనలేదు. కాగితం మీదా లేదు. మరి ఎవరి మాట చెల్లాలి?

పదకొండో రోజు అన్నయ్యే లొంగాడు. ఏమైందో నేను అడగలేదు. అప్పుడు ఆసుపత్రివాళ్ళు ఒక ఫారం ఇచ్చారు: ‘వైద్యుల సలహాకు విరుద్ధంగా, మా ఇష్టపూర్వకంగా రోగిని తీసుకెళ్తున్నాం.’ ఇంటికి తీసుకెళ్ళండి అని ఎనిమిది రోజులుగా చెప్పింది ఆ వైద్యులే! ఆ మాట అడిగితే కౌంటరులో అమ్మాయి తలెత్తకుండా ‘అందరూ ఇదే సంతకం పెడతారు మేడమ్’ అంది. పెట్టాం. అందరూ అదే పెడతారు, నిజం. మన దగ్గర ఐసీయూల్లో ఈ కథ ముగిసే పద్ధతి చాలావరకు ఇదే. ఆసుపత్రి చేతులు కడుక్కుంటుంది, బరువు సంతకం పెట్టినవాడి నెత్తిన పడుతుంది.

అంబులెన్సులో ఓ ఇరవై ఏళ్ళ కుర్రాడు నాన్న తల దగ్గర కూర్చుని రబ్బరు సంచీ నొక్కుతూ ఉన్నాడు. గాలి కొట్టే అంబు బ్యాగు. నొక్కడం, వదలడం, నొక్కడం, వదలడం. నందివెలుగు దాటాక చెయ్యి మార్చుకున్నాడు, ఆ ఒక్క క్షణం ఆలస్యానికే నా గుండె జారింది. ఇంటికొచ్చాక వరండాలో నులకమంచం మీద పడుకోబెట్టాం. ఆ కుర్రాడు అడిగాడు, ‘తీసెయ్యనా అండీ? ఎవరు చెప్తారు?’ అంత పెద్ద డాక్టర్లు, అంత పెద్ద బిల్డింగు, చివరికి ఆ ప్రశ్న అడిగింది అంబులెన్సు కుర్రాడు. అమ్మ తల ఊపింది. తులసి నీళ్ళు పోశాం. ఇరవై నిమిషాలు పట్టింది. నాన్న ముఖం మీద పదకొండు రోజుల ప్లాస్టరు అచ్చు ఎర్రగా ఉంది, అమ్మ దాన్ని తడిబట్టతో తుడుస్తూనే ఉంది.

ఇదంతా అయ్యాక తెలిసింది నాకు, దీనికి దొంగచాటు అక్కర్లేని దారి అప్పటికే ఉందని. 2018 తీర్పులో పద్ధతి రాశారు గానీ, అది ఎంత చిక్కుగా ఉందంటే మేజిస్ట్రేటు స్వయంగా వచ్చి రోగిని చూడాలి. 2023 జనవరిలో సుప్రీంకోర్టే దాన్ని సులువు చేసింది. ఇప్పుడు ఆసుపత్రి ఒక ప్రాథమిక మెడికల్ బోర్డు వేయాలి: చూస్తున్న డాక్టరు, ఇంకో ఇద్దరు అనుభవమున్న నిపుణులు. వాళ్ళు వీలైనంతవరకు 48 గంటల్లో తేల్చాలి. వాళ్ళు సరేనంటే రెండో బోర్డు చూస్తుంది. అందులో జిల్లా చీఫ్ మెడికల్ ఆఫీసరు పంపిన డాక్టరు ఒకరుంటారు. కుటుంబం రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. వెంటిలేటర్ ఆపే ముందు ఆసుపత్రి మేజిస్ట్రేటుకి తెలియజేయాలి, అనుమతి అడగక్కర్లేదు. బోర్డులు కాదంటే హైకోర్టుకి వెళ్ళొచ్చు. రోగి ముందే ఏమీ రాసిపెట్టకపోయినా ఈ దారి ఉంది. మీకు ఇదే కావాల్సింది. మీ ఆసుపత్రివాళ్ళు ‘అలాంటివి మా దగ్గర లేవు’ అనొచ్చు. సుప్రీంకోర్టు మార్గదర్శకాల ప్రకారం ప్రైమరీ బోర్డు వేయమని ఒక అర్జీ రాసి, కాపీ మీద స్టాంపు వేయించుకోండి. కాగితం చేతిలో పడితే మాట తీరు మారుతుంది. కర్ణాటక ప్రభుత్వం 2025 జనవరిలో దీని మీద ఆసుపత్రులకు ఉత్తర్వు కూడా ఇచ్చింది.

ఇంకో సంగతి కనుక్కోండి: మీ నాన్నగారిది బ్రెయిన్ డెత్తా, కోమానా? రెండూ ఒకటి కావు. బ్రెయిన్ డెత్ అంటే మెదడు పూర్తిగా, మళ్ళీ తిరిగి రాకుండా ఆగిపోవడం; కోమాలో మనిషి స్పృహలో ఉండడు గానీ బతికే ఉంటాడు. బ్రెయిన్ డెత్ అని తేలితే మాట వేరు, అవయవదానం సంగతి కూడా అప్పుడే వస్తుంది.

అవయవదానం అంటే వెంకటేశ్ గుర్తొస్తాడు. హైదరాబాద్ కుర్రాడు, చదరంగం ఆడేవాడు, కండరాలు క్షీణించే జబ్బు. 2004లో, 25 ఏళ్ళప్పుడు, చివరి దశలో, అవయవాలు పాడవకముందే దానం చేసి వెళ్ళిపోతాను, ఒప్పుకోండి అని వాళ్ళమ్మ సుజాత గారి ద్వారా హైకోర్టుని అడిగాడు. కోర్టు చట్టంలో లేదంది. ఆ డిసెంబరులోనే పోయాడు. పేపర్లో చదివి నాన్న రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. ఆ కుర్రాడు అడిగింది ఇవాళ్టికీ ఒప్పుకోరు. అతను అడిగింది ప్రాణం పోకముందే అవయవాలు తీసుకోమని. అవయవాల చట్టం మనిషి పోయాకే గుండె లాంటివి తీయనిస్తుంది, బ్రెయిన్ డెత్ కూడా అందులో లెక్కే.

ఇక ధర్మం సంగతి. నెదర్లాండ్స్, బెల్జియంలలో 2002 నుంచి, కెనడాలో 2016 నుంచి డాక్టరే మందిచ్చి ప్రాణం పోనివ్వడం చట్టబద్ధం. అన్నయ్య అప్పుడప్పుడు అంటాడు, అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో రోగే మింగడానికి డాక్టరు మందు రాసివ్వొచ్చు, మనకెందుకు లేదని. నాకు మాత్రం భయం. కారణం మా పిన్ని.

పిన్నికి గర్భాశయ క్యాన్సర్. నొప్పికి రాత్రంతా మంచం పట్టె పట్టుకుని ‘ఏదన్నా సూదిచ్చి చంపెయ్యండ్రా’ అని అరిచేది. ఆ అరుపు విన్నవాళ్ళెవరైనా సూది ఇవ్వడమే దయ అనుకుంటారు. ఎవరో చెబితే హైదరాబాద్ ఎంఎన్‌జె క్యాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ కేర్, అంటే నొప్పి, బాధ తగ్గించి చూసుకునే విభాగానికి తీసుకెళ్ళాం. మార్ఫిన్ మాత్రలు రాశారు. బాబాయి భయపడ్డాడు, ‘అది మొదలెడితే ఇక పోయినట్టేనట కదా’ అని. నాలుగో రోజుకి పిన్ని నన్ను పిలిచి టీవీ సౌండు పెంచమంది. ఆ తర్వాత అయిదు నెలలు ఉంది, చంపమన్న మాట మళ్ళీ ఎత్తలేదు. మార్ఫిన్ దొరకడానికి అడ్డుగా ఉన్న నిబంధనలు 2014లో చట్టం మార్చి సడలించారు గానీ, ఇవాళ్టికీ చిన్న ఊళ్ళో ఏ మందుల షాపుకెళ్ళి అడిగినా మనల్ని ఎగాదిగా చూస్తారు. నొప్పి తగ్గించే మాత్ర దొరకని చోట, ఐసీయూ బిల్లుకి అర ఎకరం అమ్ముకునే చోట, ‘నేను మీకు బరువైపోయాను’ అని ముసలివాళ్ళు పొద్దస్తమానం అనే చోట, చావుని కోరుకునే హక్కు అంటే నాకు నమ్మకం కుదరదు. ఆస్తి తగాదాల సంగతి మీకు నేను చెప్పాలా! అయితే వెంకటేశ్ లాంటివాళ్ళ ముందు నా వాదన నిలబడదని కూడా తెలుసు. అతనికి నొప్పి ఒక్కటే కాదు సమస్య, బుర్ర సవ్యంగా ఉంది, ఏం కావాలో స్పష్టంగా చెప్పాడు.

అలా చెప్పలేని మనిషి అరుణా శాన్‌బాగ్. ముంబయి కేఈఎం ఆసుపత్రి నర్సు, 1973లో ఆమె మీద దాడి జరిగాక 42 ఏళ్ళు మంచం మీదే. ఆమెను వెళ్ళిపోనివ్వమని జర్నలిస్టు పింకీ విరానీ కోర్టుకెళ్తే, 2011లో సుప్రీంకోర్టు కొన్ని షరతులతో దారి తెరిచింది గానీ అరుణ విషయంలో మాత్రం ఒప్పుకోలేదు. ఇన్నేళ్ళూ అన్నం పెట్టి, ఒళ్ళు తుడిచిన నర్సులే ఆమెకి దగ్గరవాళ్ళు, వాళ్ళు వద్దంటున్నారు అంది. ఇది చదివినప్పుడు అమ్మ గుర్తొచ్చింది. నాన్నకి యాభై ఏళ్ళు అన్నం పెట్టిన మనిషి మూడో రోజే చెప్పింది. మేమిద్దరం వినలేదు.

2023లో రూల్సు మారాక నేను నాది రాసిపెట్టాను. కోలుకోలేని స్థితి వస్తే నాకు ఏ వైద్యం వద్దో ముందే చెప్పే కాగితం, లివింగ్ విల్లు అంటారు. ఇద్దరు సాక్షుల ముందు సంతకం పెట్టి, నోటరీ దగ్గరో గెజిటెడ్ అధికారి దగ్గరో ధ్రువీకరించుకుంటే చాలు. హైదరాబాద్‌లో నోటరీ కాగితం అటూ ఇటూ తిప్పి ‘ఆస్తి షెడ్యూలు ఏదమ్మా?’ అన్నాడు. ఆస్తి కాదండీ, ప్రాణం అన్నాను. కళ్ళజోడు తీసి నన్ను చూశాడు, ‘ఇంట్లో ఏమన్నా గొడవా?’ అని. ఒక కాపీ మున్సిపాలిటీవాళ్ళకి ఇవ్వాలట. అక్కడ ఏ సెక్షనో ఎవరికీ తెలీదు, మూడు టేబుళ్ళు తిరిగి చివరికి ఇన్‌వార్డ్ స్టాంపు వేయించుకుని వచ్చాను. అమ్మ కూడా రాసింది. తన తరఫున మాట్లాడేవాళ్ళుగా నా పేరొక్కటే రాయబోతే ఆపి, ‘వాడి పేరు కూడా రాయి, వాడూ వినాలి’ అంది. వీడియో కాల్‌లో అన్నయ్యకి మొత్తం చదివి వినిపించాం. వాడు ఏడ్చాడు గానీ సరేనన్నాడు.

మీ దగ్గర కాగితం లేదు కాబట్టి ఒక పని చెయ్యండి. రేపు డాక్టరు రౌండ్సుకి వచ్చేలోపు మీరూ తమ్ముడూ అమ్మగారి పక్కన కూర్చోండి. తీద్దామా వద్దా అని అడక్కండి. ఇలాంటి పరిస్థితి గురించి నాన్నగారు ఎప్పుడైనా ఏమన్నారో ఆవిణ్ణి చెప్పనివ్వండి. తమ్ముడు నాలుగు రోజులు టైమడిగితే ఇవ్వండి, కానీ ఆ నాలుగు రోజులు ఎవరి కోసమో ఇద్దరూ పైకి అనుకోండి. బోర్డు అర్జీ రేపే ఇచ్చెయ్యండి. ఆపాలని తేలితే, ఆపాక ఆయాసం, నొప్పి లేకుండా మందులిస్తారా అని తప్పకుండా అడగండి, అది మేం అడగలేదు. ఇంటికే తీసుకెళ్ళాలని మీరే నిర్ణయించుకుంటే ఆ ఫారంలో ‘వైద్యుల సలహాకు విరుద్ధంగా’ అన్న ముక్క కొట్టేసి ఇమ్మనండి.