అమెరికాలో కాలేజీ టెన్నిస్ కోచ్ ఉద్యోగం: ఫోర్‌హ్యాండ్ కన్నా ముందు చూసుకోవాల్సినవి

అడిగింది ఇదీ: హైదరాబాద్ నుంచి వెళ్లి అక్కడ ఒక డివిజన్ 2 (కాలేజీ క్రీడల్లో రెండో అంచె) కాలేజీ జట్టులో ఆడుతూ కంప్యూటర్ సైన్స్ చదువుతున్న అబ్బాయి, వచ్చే మే నెలలో డిగ్రీ అయ్యాక కాలేజీ కోచ్‌నవుతానంటున్నాడు. అది నిలబడే ఉద్యోగమేనా, ఎక్కడ మొదలుపెట్టాలి?

నిలబడే ఉద్యోగమేనండీ. కాకపోతే ఆట బాగా నేర్పితే చాలనుకుని వచ్చినవాళ్లు ఎక్కువ కాలం ఉండరు. జట్టు బలం కోర్టు మీద తేలేదానికన్నా రిక్రూటింగ్‌లో, అంటే ఆటగాళ్లను వెతికి తెచ్చుకోవడంలో తేలేదే ఎక్కువ. మీ వాడి విషయంలో అయితే అంతకన్నా ముందు వీసా దగ్గర తేలుతుంది. కాబట్టి దాంతోనే మొదలుపెడతాను.

ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద చదివినవాళ్లకు డిగ్రీ తర్వాత ఓపీటీ, అంటే పనిచేసే అనుమతి, 12 నెలలు. చేసే పని చదివిన సబ్జెక్టుకు సంబంధించినదై ఉండాలి. కంప్యూటర్ సైన్స్ పట్టా పెట్టుకుని టెన్నిస్ కోచింగ్‌ను దానికి ముడిపెట్టడం కుదిరే పని కాదు. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) చదివినవాళ్లకిచ్చే అదనపు 24 నెలలూ ఇక్కడ అక్కరకు రావు. ఓపీటీలో ఉద్యోగం లేని రోజులు మొత్తం 90 దాటకూడదు. అందుకని ఎక్కువమంది పట్టే దారి గ్రాడ్యుయేట్ అసిస్టెంట్, అందరూ జీఏ అంటారు. స్పోర్ట్ మేనేజ్‌మెంట్, కైనీసియాలజీ (శరీర కదలికల శాస్త్రం) లాంటి మాస్టర్స్‌లో చేరి, అదే కాలేజీ జట్టుకు అసిస్టెంటుగా పనిచేయడం. మాస్టర్స్ అయ్యాక ఆ స్థాయికి మళ్లీ 12 నెలల ఓపీటీ కొత్తగా వస్తుంది, ఈసారి పనికీ చదువుకీ పొంతన ఉంటుంది.

జీఏ అవకాశాలు డివిజన్ 2లోనూ, ఎన్‌ఏఐఏ (చిన్న కాలేజీల క్రీడా సంఘం) కాలేజీల్లోనూ ఎక్కువ. వాటిలో కూడా తేడాలుంటాయి. ఒప్పుకునే ముందు ఈమెయిల్లో, రాతపూర్వకంగా అడగాల్సినవి కొన్ని. ట్యూషన్ మాఫీ ఎన్ని క్రెడిట్లకు, రాష్ట్రం బయటివాళ్ల రేటుకు కూడా వర్తిస్తుందా? ఫీజులు, ఆరోగ్య బీమా ఎవరి నెత్తిన? స్టైపెండ్ తొమ్మిది నెలలకా, పన్నెండు నెలలకా? వేసవిలో గది ఉంటుందా? వీటన్నిటికన్నా ముఖ్యం పని గంటలు. క్లాసులు జరిగే రోజుల్లో ఎఫ్-1 విద్యార్థి క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. శుక్రవారం పొద్దున బయల్దేరి ఆదివారం రాత్రి తిరిగొచ్చే ఒక్క ట్రిప్పులోనే ఆ గంటలు హరించుకుపోతాయి. హెడ్ కోచ్ ‘అదంతా లెక్కలోకి రాదులే’ అంటే, ఆ మాట ఇంటర్నేషనల్ ఆఫీసు చేత కూడా అనిపించుకోవాలి. గీత దాటితే పోయేది కోచ్ ఉద్యోగం కాదు, మీ వాడి వీసా స్టేటస్.

ఇంకోటి. అమెరికన్ అసిస్టెంట్లు జీతం చాలక పక్క క్లబ్బుల్లో ప్రైవేటు లెసన్లు చెప్పుకుంటారు. మీ వాడు అది చేస్తే అనుమతి లేని ఉద్యోగం కిందికి వస్తుంది, డబ్బు చేతికిచ్చినా వెన్మో యాప్‌లో వేసినా అంతే. యూనివర్సిటీయే నడిపి, యూనివర్సిటీ పేరోల్ మీదే డబ్బిచ్చే వేసవి క్యాంపు సంగతి వేరు. అదైనా ముందు అడిగి చేయడం మంచిది.

తర్వాతిది హెచ్-1బీ ఉద్యోగ వీసా. యూనివర్సిటీలకు లాటరీ లేదు, ఏడాదిలో ఎప్పుడైనా వేయొచ్చు. చిక్కు ఎక్కడంటే, ఆ ఉద్యోగానికి ఫలానా రంగంలో డిగ్రీ తప్పనిసరి అని చూపించాలి. ప్రకటనలో ‘ఏదైనా బ్యాచిలర్స్ డిగ్రీ’ అని రాసి ఉంటే కేసు అక్కడే పలచబడుతుంది. అందుకే ప్రకటన పడకముందే, అందులో ఏ డిగ్రీ రాయాలో హెచ్‌ఆర్‌తో మాట్లాడించుకోవాలి. 2025 సెప్టెంబరులో అధ్యక్షుడు ట్రంప్ ఇచ్చిన ఉత్తర్వుతో, దేశం బయట ఉన్నవాళ్ల కోసం వేసే కొత్త పిటిషన్ల మీద లక్ష డాలర్ల రుసుము పడింది. ‘ఓసారి ఇంటికెళ్లొచ్చి తర్వాత చూద్దాం’ అనే ఆలోచన ఉంటే లాయర్ని అడక్కుండా విమానం ఎక్కొద్దనండి.

ఇక పని. వారానికి ఎంతసేపు నేర్పించగలమో వినండి. ఎన్‌సీఏఏ (కాలేజీ క్రీడలను నడిపే ప్రధాన సంఘం) డివిజన్ 1లో సీజన్ నడుస్తున్నప్పుడు ఆటగాడి సమయం వారానికి 20 గంటలు, రోజుకు నాలుగు, ఒక రోజు పూర్తి సెలవు. మ్యాచ్ ఎంతసేపు సాగినా మూడు గంటల కిందే లెక్క. రెండు మ్యాచ్‌లున్న వారంలో ఆరు పోయాయి, జిమ్‌కు మూడు తీయండి, మిగిలేది 11. సీజన్ బయట వారానికి మొత్తం కలిపి ఎనిమిదే. మిగతా సమయంలో కోచ్ చేసేది ఫోన్లు, వీడియోలు, మార్కుల జాబితాలు, హోటల్ బుకింగ్‌లు.

రిక్రూటింగ్‌లో అందరూ మొదట చూసేది యూటీఆర్ (ఆటగాడి స్థాయి చెప్పే రేటింగ్) అంకె, 1 నుంచి 16.5 దాకా ఉంటుంది. అనుభవం ఉన్నవాళ్లు అంకె కన్నా దాని వెనకున్న మ్యాచ్‌లు చూస్తారు. గత 12 నెలల్లో ఎన్ని ఆడాడు, తనకన్నా పైవాళ్ల మీద మూడో సెట్ దాకా లాగాడా, లేక అంకె కాపాడుకోవడానికి ఆడటమే మానేశాడా? ఆడటం తగ్గించి అంకెను నిలబెట్టుకున్నవాడు కాలేజీకొచ్చాక కిందికి జారతాడు. వీడియో కూడా ఎంచి అతికించిన విన్నర్లది కాదు, కోయకుండా తీసిన ఒక సెట్ అడగాలి. కాలేజీ టెన్నిస్‌లో డ్యూస్ (40-40) దగ్గర ఒక్క పాయింటుకే గేమ్ తేలిపోతుంది, అడ్వాంటేజ్ ఉండదు. ఆ పాయింటులో రెండో సర్వీసు ఎక్కడ పడుతోంది, పాయింటు పోయాక మొహం ఎలా పెడుతున్నాడు, ఆ రెండూ చూస్తే సగం తెలిసిపోతుంది.

డివిజన్ 1 జట్లలో సగానికి మించి విదేశీ విద్యార్థులే. అందుకే మన పిల్లలకు ఇక్కడ ఒక సానుకూలత ఉంది. ఏఐటీఏ (అఖిల భారత టెన్నిస్ సంఘం) అండర్-18 ర్యాంకు అంటే ఆట ఏ స్థాయిదో, ఇంటర్ మార్కుల మెమో ఎలా చదవాలో, మార్చిలో బోర్డు పరీక్షలున్న పిల్లవాడు ఫిబ్రవరిలో టోర్నమెంట్లు ఎందుకు ఆడడో తెలిసిన అసిస్టెంటు హెడ్ కోచ్‌కు పనికొస్తాడు. సోమ్‌దేవ్ దేవ్‌వర్మన్ వర్జీనియా తరఫున 2007, 2008లో ఎన్‌సీఏఏ సింగిల్స్ గెలిచాడు. మన సాకేత్ మైనేని అలబామాకు ఆడాడు, నెల్లూరు మూలాలున్న నిశేష్ బసవరెడ్డి స్టాన్‌ఫర్డ్ నుంచి 2024 డిసెంబరులో ప్రొఫెషనల్ అయ్యాడు. భారతీయ పేరు కనిపిస్తే కోచ్‌లు ఇప్పుడు వింతగా చూడరు.

రిక్రూటింగ్‌లో తప్పు చేస్తే దెబ్బ ఓటములతో ఆగదు. డివిజన్ 1లో ఏపీఆర్ అనే చదువు లెక్క ఉంది. స్కాలర్‌షిప్ ఉన్న ప్రతి ఆటగాడూ సెమిస్టర్‌కు రెండు పాయింట్లు తేవాలి: అర్హత నిలబెట్టుకున్నందుకు ఒకటి, కాలేజీలోనే కొనసాగినందుకు ఒకటి. ఎనిమిది మంది ఉంటే ఏడాదికి 32. ఒకడు ఫెయిలై వెళ్లిపోతే రెండు పోయి 30, అంటే వెయ్యికి 938. ఇంకో పాయింటు పోయిందా, 906. గీత 930 దగ్గర ఉంది. నాలుగేళ్ల సగటు తీస్తారు కాబట్టి వెంటనే మునిగిపోరు, కానీ ఆ ఏడాది మచ్చ నాలుగేళ్లు వెంట ఉంటుంది. చిన్న జట్లకు ఇదే బాధ.

మ్యాచ్ రోజు డివిజన్ 1లో మొదట మూడు డబుల్స్, ఆరు గేముల ఒక్కో సెట్. మూడింట్లో రెండు గెలిచిన జట్టుకు ఒకే ఒక్క పాయింటు. తర్వాత ఆరు సింగిల్స్, ఒక్కోదానికి ఒక్కోటి. నాలుగు ముందు ఎవరికొస్తే వాళ్లది. లైనప్ బలం ప్రకారం వరసలో ఉండాలి. బలమైనవాణ్ని కింద దాస్తే అవతలి కోచ్ అభ్యంతరం పెడతాడు. మూడో నంబరు ఆటగాడికి ఆ పొద్దున మడమ బెణికితే నాలుగు, ఐదు, ఆరు ఒక్కో మెట్టు పైకి వెళ్లాలి. ఏడోవాడు లేకపోతే ఆరో సింగిల్స్ ఆడకుండానే పోయినట్టు. ఆరుగురే ఆరోగ్యంగా ఉన్న జట్టు ప్రతి వారాంతం ఈ భయంతోనే వ్యాన్ ఎక్కుతుంది.

సామాను లెక్క అసిస్టెంటుదే. ఒక కేసులో 24 డబ్బాలు, డబ్బాకు మూడు బంతులు. మ్యాచ్‌కు ఒక కొత్త డబ్బా చొప్పున తొమ్మిదింటికి తొమ్మిది, అంటే కేసులో మూడో వంతు పైనే ఒక పూటకు అయిపోతుంది. 200 మీటర్ల స్ట్రింగ్ (రాకెట్ తీగ) రీలు 16 రాకెట్లకు వస్తుంది. పాలీ (పాలియెస్టర్) స్ట్రింగ్ తెగకపోయినా బిగువు పోతుంది, ‘బంతి ఎగిరిపోతోంది’ అని ఆటగాడు అన్నాడంటే ముందు స్ట్రింగ్ ఎప్పుడు వేశారో చూడాలి, తర్వాతే స్వింగ్. రాకెట్‌కు అరగంటలో స్ట్రింగ్ వేయడం వచ్చినవాడికి జీఏ దొరకడం తేలిక. మీ వాడు ఈ ఏడాదే తన కాలేజీ మెషీన్ మీద నేర్చుకోవాలి.

జీతాల గురించి ఎవరి మాటా నమ్మొద్దు. ప్రభుత్వ యూనివర్సిటీల జీతాలు చాలా రాష్ట్రాల్లో బహిరంగమే, పేరు కొడితే కనిపిస్తాయి. చిన్న కాలేజీల్లో హెడ్ కోచ్ అంటే మగపిల్లల జట్టు, ఆడపిల్లల జట్టు రెండూ, పైగా జిమ్ బాధ్యతో ఒక క్లాసో. పైస్థాయిలో డిక్ గౌల్డ్ లాగా 1966 నుంచి 2004 దాకా స్టాన్‌ఫర్డ్‌లోనే ఉండి 17 టైటిళ్లు గెలిచినవాళ్లూ ఉన్నారు, 2003లో ఇల్లినాయి యూనివర్సిటీని జాతీయ విజేతగా నిలిపి తర్వాత టెన్నిస్ ఆస్ట్రేలియా సీఈఓ అయిన క్రెయిగ్ టైలీ లాంటివాళ్లూ ఉన్నారు. కానీ కాలేజీలే ఆటగాళ్లకు నేరుగా డబ్బివ్వొచ్చన్న 2025 హౌస్ కోర్టు ఒప్పందంతో పెద్ద కాలేజీలకు 2025-26లో 2.05 కోట్ల డాలర్ల దాకా పంచే వీలొచ్చింది, అందులో ఎక్కువ ఫుట్‌బాల్‌కు, బాస్కెట్‌బాల్‌కే వెళ్తుంది. ఆ ఒప్పందంలో చేరిన కాలేజీల్లో టెన్నిస్ జట్టుకు పదిమందికి మించకూడదు. చేరబోయే కాలేజీకి సొంత కోర్టులున్నాయా, దాతల నిధి ఉందా, ఈమధ్య ఏ ఆటలైనా ఎత్తేశారా అని చూసుకోవాలి.

ఖాళీలు ఎన్‌సీఏఏ మార్కెట్, హయ్యర్‌ఎడ్‌జాబ్స్, ఐటీఏ (కాలేజీ టెన్నిస్ సంఘం) పేజీల్లో పడతాయి, సీజన్ ముగిశాక ఎక్కువగా. ప్రకటన కోసం ఆగకుండా జనవరిలోనే ముప్పై నలభై మంది హెడ్ కోచ్‌లకు రాయించండి. సొంత గొప్పలు రెండు లైన్లు చాలు. నిమిషాల లెక్కతో రెండు వారాల ప్రాక్టీస్ ప్లాను, ఆ జట్టు స్థాయికి సరిపోయే ఐదుగురు జూనియర్ల పేర్లు, ఎందుకో ఒక్కో వాక్యం జతచేస్తే తెరిచి చదువుతారు. తేదీ మాత్రం గుర్తుంచుకోండి: ప్రోగ్రామ్ ముగిసిన 60 రోజుల్లోపు అతని సెవిస్ (విదేశీ విద్యార్థుల ప్రభుత్వ డేటాబేస్) రికార్డు కొత్త కాలేజీకి బదిలీ అవ్వాలి. మే 10న డిగ్రీ ముగిస్తే జూలై మొదటి వారానికల్లా అడ్మిషన్ లెటర్ చేతిలో ఉండాలి.