పట్టా వదులైన చక్రం గురించి

అమ్మా,

నీ నవలిక రాతప్రతిని రెండుసార్లు చదివాను. 1849లో బళ్ళ బారుతో మిస్సోరీ నుంచి కాలిఫోర్నియాకు నడిచిన కమ్మరి, ముసలితనంలో మనవరాలికి చెప్పుకున్న జ్ఞాపకాలవి. ప్లాట్ నది ఒడ్డున చక్రం ఊడదీసి రాత్రంతా నీళ్ళలో నానబెట్టాడని ఒకే ఒక్క వాక్యం రాశావు. అక్కడ నాకు కళ్ళు చెమర్చాయి. ఆ వెంటనే పదకొండు పేజీల తుపాకుల పోరు చూసి కోపం వచ్చింది.

ప్లాట్ నది మైదానాల పొడిగాలికి కర్ర ఎండి కుంచించుకుపోయి, చక్రం అంచు కర్రముక్కలైన పూటీలకూ, వాటి చుట్టూ బిగించిన ఇనుప పట్టాకూ మధ్య సందు పడేది. నానబెడితే కర్ర ఉబ్బి కొంతసేపు బిగువు నిలిచేది. చాలకపోతే సందులో కర్ర చీలికలు దిగ్గొట్టేవారు. అదీ చాలకపోతే పట్టాను కోసి, అతికి, కాల్చి ఎక్కించి, నీళ్ళు పోసి బిగించాలి, దానికి కమ్మరే కావాలి. ఎద్దు గిట్ట రెండుగా చీలి ఉంటుంది కనుక కాలికి రెండేసి చొప్పున ఎనిమిది నాడాలు కొట్టాలి. ఇవన్నీ నీ ముసలాయనకు తెలుసు, నువ్వే ఆయనను మాట్లాడనివ్వలేదు.

బంగారం కోసం 1853లో కాలిఫోర్నియాలోని ప్లేసర్‌విల్ చేరిన జాన్ స్టూడెబేకర్, గనుల్లో పనిచేసేవాళ్ళకు ఒంటిచక్రపు తోపుడుబళ్ళు చేసి అమ్మి, 1858లో 8,000 డాలర్లతో ఇండియానాలోని సౌత్ బెండ్‌కు తిరిగివెళ్ళి అన్నదమ్ముల బళ్ళ వ్యాపారంలో పెట్టాడు. ఆ మనిషి కథలో తోపుడుబండి తయారీని వదిలేస్తే ఇక చెప్పడానికి ఏం మిగులుతుంది?

మా నాన్న కమ్మరి. నా మొదటి కథ ఆయన కొలిమి గురించే. పాఠకులకు అర్థం కావంటూ ఒక సంపాదకుడు దాగలి, సమ్మెట, తిత్తి అన్న మాటలన్నీ కొట్టేసి, ప్రతిచోటా ‘పనిముట్లు’ అని వేశాడు. అచ్చయిన కథను చదివి వినిపిస్తే, ‘ఇది ఎవరి కొలిమిరా?’ అని నాన్న అడిగాడు. నలభై ఏళ్ళయినా ఆ సంపాదకుణ్ణి నేను క్షమించలేదు. నీ కథలోనూ ‘పనిముట్లు’ అన్న మాట తొమ్మిదిసార్లు ఉంది.

ఇంతకూ నీ కమ్మరి దాగలి, ఇనుము పెట్టి సాగగొట్టే ఆ బరువైన దిమ్మె, ఏమైంది? ఆ ఏడాది దారిలోని ఫోర్ట్ లారమీ కోట పరిసరాల్లో ఎద్దుల మీద బరువు తగ్గించడానికి జనం పొయ్యిలనూ దాగళ్ళనూ దారి పక్కన వదిలేసి వెళ్ళారు. తన దాగలిని తన చేతులతో దించి వచ్చిన మనిషికి ఆ రాత్రి నిద్ర ఎలా పట్టింది?

తుపాకుల పేజీలు తీసేయి. నీళ్ళలోంచి తీసిన చక్రం మర్నాటి ఎండకు మళ్ళీ ఎండి, పట్టా గలగలలాడినప్పుడు ఆయన ఏం చేశాడో రాసి, ముందు ఆ భాగం ఒక్కటే నాకు పంపు.

ఆశీస్సులతో,
నీ ఉత్తరం కోసం చూస్తూ ఉంటాను.