‘మేరీ గ్రెగరీ’ గాజు కూజాలు నిజంగా ఆమె చిత్రించినవేనా?

ముదురు రంగు గాజుపై తెల్లని ఎనామెల్‌తో పిల్లల బొమ్మలు వేసిన కూజాలను ‘మేరీ గ్రెగరీ’ పేరుతో అమ్ముతుంటారు. అవి ఆమె చేతిపనేనా, పాతవని పోల్చుకోవడం ఎలా అన్నది ప్రశ్న.

ఆమె చేతిపని కాదనే చెప్పాలి. మేరీ గ్రెగరీ (1856–1908) అమెరికాలోని మసాచుసెట్స్‌లో, బోస్టన్ అండ్ శాండ్‌విచ్ గాజు కర్మాగారంలో చిత్రకారిణిగా పనిచేసిన మాట వాస్తవమే గాని, ఇటువంటి పిల్లల బొమ్మలు వేసినట్లు ఆధారం లేదు. ఈ తరహా పాత వస్తువుల్లో అధికభాగం 19వ శతాబ్దం చివర బొహీమియాలో, అంటే నేటి చెక్ రిపబ్లిక్‌లో తయారయ్యాయి. ఆ పేరును శైలికి గుర్తుగా తీసుకోవాలే తప్ప, దానికోసం ఒక్క రూపాయి కూడా అదనంగా ఇవ్వనక్కరలేదని నా అభిప్రాయం.

ఎనామెల్ మామూలు రంగు కాదు. మెత్తగా నూరిన గాజుపొడిలో లోహ ఆక్సైడ్లు కలిపి, నూనెతో పలుచన చేసి కుంచెతో పూసి, కూజా ఆకారం చెడనంత వేడిలో మళ్లీ కాలిస్తే అది కరిగి గాజుకు అతుక్కుంటుంది. అందువల్ల వేలితో తడిమితే బొమ్మ కాస్త ఉబ్బెత్తుగా తగులుతుంది. భూతద్దంలో చూసినప్పుడు గౌను మడతల దగ్గర తెలుపు ఒకచోట చిక్కగా, మరోచోట పలచగా, కుంచె జాడలతో కనిపిస్తే అది చేతిపని. వరుసగా చుక్కలు కనిపిస్తే అది ముద్రించిన బొమ్మ. అయితే చేతిపని అయినంత మాత్రాన పాతది కాదు, ఎందుకంటే అమెరికాలోని ఫెంటన్ వంటి కర్మాగారాలు 20వ శతాబ్దంలోనూ ఈ శైలిలో చేతితో వేయించాయి. కాబట్టి అడుగుభాగం తిప్పి చూడండి: ఏళ్ల తరబడి వాడిన కూజాకు సన్నని గీతలు నానా దిక్కులా ఉంటాయి, గరుకు కాగితంతో రుద్ది పాతదిగా చూపించినదానికి ఒకే దిక్కున ఉంటాయి.